పడవ అడుగున పుట్టే దుర్వాసన: కారణం తెలిస్తేనే భద్రత

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించే నిషేధమిది. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల్లో బోట్ల మరమ్మతులకు, రంగులు వేయడానికి ఇదే అనువైన సమయం. ఇంజిన్ గదిలో నేల పలకలు ఎత్తగానే ముక్కుకు తగిలేది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది కేవలం చిరాకు పెట్టే వాసన కాదు, ఒక హెచ్చరిక కూడా.

బిల్జ్ అంటే ఏమిటి?

పడవ లోపల అన్నిటికంటే కింద ఉండే గుంత లాంటి భాగాన్ని బిల్జ్ అంటారు. అతుకుల నుంచి, ప్రొపెల్లర్ ఇరుసు దగ్గర నుంచి ఊరే ఉప్పునీరు, కరిగిన ఐస్ నీరు, చేపల రక్తం, పొలుసులు, ఇంజిన్ నుంచి కారే డీజిల్, ఆయిల్ చివరికి చేరేది అక్కడికే. పంపుతో తోడినా అడుగున కొంత నీరు మిగిలిపోతుంది. ఎందుకంటే పంపు నోరు గుంత అడుగుకు కాస్త ఎత్తులో ఉంటుంది. అసలు కథ ఆ మిగిలిన నీటిలోనే మొదలవుతుంది.

రెండు వాసనలు, రెండు స్వభావాలు

నిలిచిన నీటిలో కుళ్ళే పదార్థం ఉంటే, సూక్ష్మజీవులు ముందుగా అందులోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. పైన తేలే నూనె పొర వల్ల గాలి నుంచి కొత్త ఆక్సిజన్ నీటిలోకి చేరడం కూడా తగ్గుతుంది. అప్పుడు ఆక్సిజన్ అవసరం లేని బాక్టీరియా రంగంలోకి దిగుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టే ఈ బాక్టీరియా సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన దీనిదే. ఈ వాయువు ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. అడుగున పేరుకునే బురద నల్లగా ఉండటానికి అదొక ముఖ్య కారణం.

రెండోది నీచు వాసన. సముద్రపు చేప కుళ్ళేటప్పుడు ట్రైమిథైలమైన్ అనే పదార్థం పుడుతుంది. ఇది క్షార స్వభావం కలది. ఆమ్లం తగిలితే లవణంగా మారి, గాలిలోకి ఎగరడం మానేస్తుంది. చేపల పులుసులో చింతపండు వేస్తే నీచు తగ్గేది ఇందుకే.

హైడ్రోజన్ సల్ఫైడ్ తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. క్షారం కలిస్తే అది నీటిలోనే ఉండిపోతుంది, ఆమ్లం కలిస్తే గాలిలోకి వస్తుంది. అంటే ఒక వాసనకు మందైనది రెండోదానికి విషమన్నమాట. ఏదో ఒకటి పోసి రెండు వాసనలనూ పోగొట్టాలనుకోవడం కుదరదు. వాటికి మూలమైన మురుగునే తీసేయాలి.

ముక్కును నమ్మకూడదు

గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కంటే తక్కువ ఉన్నా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మన ముక్కు పసిగడుతుంది. కానీ సుమారు 100 భాగాలకు చేరేసరికి ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందని మనం సంబరపడే సమయానికి వాయువు పెరిగి ఉండవచ్చు. 700 భాగాలు దాటితే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఇది గాలి కంటే దాదాపు 1.2 రెట్లు బరువైనది కాబట్టి మూసి ఉన్న గదుల్లో అడుగునే నిలుస్తుంది. పైగా కుళ్ళే చేపలు, తుప్పు పట్టే ఇనుము అక్కడి ఆక్సిజన్‌ను కూడా తగ్గిస్తాయి.

అందుకే ఎవరైనా చేపల గదిలోకి దిగి కూలిపోతే, వారిని కాపాడాలని వెంటనే దూకినవారు కూడా ప్రాణాలు కోల్పోతుంటారు. మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో జరిగే మరణాల వెనక ఉన్నదీ ఇదే విజ్ఞానం.

ఇవి కలపవద్దు

తుప్పు వదిలించడానికి యాసిడ్ పోస్తే, నల్ల బురదలోని ఐరన్ సల్ఫైడ్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా వెలువడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది. చేపల మురుగులోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే ఘాటైన క్లోరమైన్లు వస్తాయి. అదీగాక మురుగు ఉండగానే బ్లీచింగ్ వేస్తే, దాని శక్తి చాలావరకు ఆ మురుగుకే ఖర్చయిపోతుంది.

శుభ్రం చేసే క్రమం

1. మూతలన్నీ తెరిచి, ఫ్యాన్‌తో బయటి గాలిని గొట్టం ద్వారా గది అడుగు వరకు పంపాలి. పని ముగిసేవరకు అది ఆగకూడదు. బురదను కదిపినప్పుడే అందులో చిక్కుకున్న వాయువు బయటికి వస్తుంది.
2. లోతైన, మూసి ఉన్న గది అయితే వాయువులను కొలిచే పరికరంతో పరీక్షించాకే దిగాలి. దిగేవారి నడుముకు తాడు కట్టి, పైన ఒకరు కాపలా ఉండాలి. కింద ఉన్నవారు కూలిపోతే పైవారు దిగకూడదు, తాడుతో లాగాలి.
3. నీటి మీది నూనెను, నూనె పీల్చే మెత్తలతో ముందే తీసేయాలి. ఆ తర్వాతే నీటిని, బురదను డ్రమ్ముల్లోకి తోడాలి.
4. కొద్దిపాటి సబ్బు కలిపిన మంచినీటితో రుద్ది కడగాలి. పక్క గదుల నుంచి నీరు పారే రంధ్రాల్లో ఇరుక్కున్న పొలుసులు, పీచు తీయాలి. ఆఖరి కడుగు మంచినీటితోనే చేయాలి. అందులో సల్ఫేటు చాలా తక్కువ.
5. పూర్తిగా ఆరనివ్వాలి. నీరు ఊరే చోటు, ఆయిల్ కారే చోటు బాగుచేయాలి. ఇది వదిలేస్తే వాసన మళ్ళీ వస్తుంది.

ఆ నీరు సముద్రంలోకి వద్దు

సబ్బు వేస్తే నూనె మాయమైనట్టు కనిపిస్తుంది. నిజానికి అది చిన్న బిందువులుగా విడిపోయి నీటిలోనే ఉంటుంది. ఒక లీటరు ఆయిల్ ఒక మైక్రాన్ మందాన పరుచుకుంటే 1,000 చదరపు మీటర్లను, అంటే దాదాపు పావు ఎకరాన్ని కప్పేస్తుంది. 400 టన్నులు, అంతకు మించిన ఓడలు ప్రయాణంలో వదిలే బిల్జ్ నీటిలో నూనె పది లక్షల భాగాలకు 15 భాగాలు దాటకూడదని మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. మరబోట్లు అంత పెద్దవి కావు. కానీ రేవులో వందల బోట్లు కొద్దికొద్దిగా వదిలినా నష్టపోయేది అవి వేటాడే చేపలే.

వాసన లేని బిల్జ్ అంటే అత్తరు చల్లినది కాదు, పొడిగా ఉన్నది. వేటకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ నీరు తోడి, మంచినీటితో కడిగి, మూత తెరిచి ఆరబెడితే ఆ బాక్టీరియాకు అక్కడ చోటు దొరకదు. ఎవరూ ఊపిరి బిగబట్టి కిందికి దిగాల్సిన అవసరమూ రాదు.