అడవి కోడి, పెంపుడు కోడి, అడవిబాట పట్టిన కోడి: మూలాలు, జన్యు మిశ్రమం, విస్తరణలో గమనించవలసిన అంశాలు

పరిచయం

అడవి అంచు గ్రామాల చుట్టూ తిరిగే కోళ్ళు మూడు వర్గాలకు చెందినవి. మొదటివి తరతరాలుగా అడవిలోనే జీవిస్తున్న అసలైన అడవి కోళ్ళు. రెండవవి పెరటి కోళ్ళు. మూడవవి పెంపకం నుండి తప్పించుకొని, మనిషి ఆధారం లేకుండా సంతానాన్ని వృద్ధి చేసుకొంటున్న కోళ్ళు. వీటిని ఈ వ్యాసంలో ‘అడవిబాట పట్టిన కోళ్ళు’ అని వ్యవహరిస్తున్నాము. గిరిజన ప్రాంతాలకు పెరటి కోళ్ళను చేరుస్తున్న విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ భేదం తెలిసి ఉండటం అవసరం. పెంపుడు కోడి అడవికి చేరినంత మాత్రాన అడవి కోడిగా మారదు. కాని అక్కడి అడవి కోళ్ళతో జతకట్టి వాటి జన్యు సంపదను మార్చివేయగలదు.

గాలస్ ప్రజాతిలోని నాలుగు జాతులు

గాలస్ ప్రజాతిలో నాలుగు జాతులున్నాయి. ఎర్ర అడవి కోడి (గాలస్ గాలస్) హిమాలయ పాదాల నుండి ఆగ్నేయాసియా వరకు విస్తరించి ఉన్నది. బూడిద అడవి కోడి (గాలస్ సొన్నెరాటి) భారత ద్వీపకల్పానికే పరిమితం. మూడవ జాతి శ్రీలంకలోను, నాల్గవదైన ఆకుపచ్చ అడవి కోడి జావా, బాలి, వాటి తూర్పు దీవులలోను కనిపిస్తాయి. మన దేశంలో ఎర్ర అడవి కోడి పరిధి స్థూలంగా గోదావరి వరకు సాగుతుంది. అక్కడి నుండి దక్షిణాన బూడిద అడవి కోడి పరిధి మొదలవుతుంది. నల్లమల అడవులలో కనిపించేది బూడిద అడవి కోడియే.

పెంపుడు కోడి మూలం

పెంపుడు కోళ్ళకు ఎర్ర అడవి కోడియే పూర్వికమని చార్లెస్ డార్విన్ 1868లో ప్రతిపాదించారు. ఎర్ర అడవి కోడిలో ఐదు ఉపజాతులున్నందున, వాటిలో దేని నుండి పెంపకం మొదలైందన్న ప్రశ్న చాలా కాలం మిగిలి ఉన్నది. 2020లో 863 కోళ్ళ పూర్తి జన్యుక్రమాలను పరిశీలించిన అధ్యయనం దీనికి సమాధానమిచ్చింది. నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాలలో నివసించే స్పాడిసియస్ ఉపజాతి పెంపుడు కోళ్ళకు ప్రధాన మూలమని తేల్చింది. పెంపుడు కోళ్ళు అక్కడి నుండి ఇతర ప్రాంతాలకు వ్యాపిస్తూ స్థానిక అడవి కోళ్ళతో కలిశాయని కూడా ఆ అధ్యయనం వెల్లడించింది.

ఇందులో విద్యార్థులు ఒక విషయాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. పెంపుడు కోళ్ళ వంశం స్పాడిసియస్ నుండి సుమారు 9,500 సంవత్సరాల క్రితం వేరుపడినట్లు జన్యు గణన సూచిస్తున్నది. అయితే వంశాలు వేరుపడిన కాలమూ, పెంపకం స్థిరపడిన కాలమూ ఒకటే కానవసరం లేదు. 2022లో ప్రచురితమైన పురావస్తు సమీక్ష ప్రకారం, నిస్సందేహంగా పెంపుడు కోళ్ళవని చెప్పదగిన తొలి ఎముకలు మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో లభించాయి. వాటి కాలం క్రీ.పూ. 1650-1250. మెట్ట వరి, చిరుధాన్యాల సాగు విస్తరించినప్పుడు రాలిన గింజల కోసం అడవి కోళ్ళు పొలాలకు, అక్కడి నుండి నివాసాలకు చేరువయ్యాయని ఆ పరిశోధకులు వివరించారు. అనగా కోడిని మనిషికి దగ్గర చేసినది వ్యవసాయమే.

బూడిద అడవి కోడి ఇచ్చిన పసుపు చర్మం

అనేక వాణిజ్య కోళ్ళలో చర్మం, కాళ్ళు పసుపు రంగులో ఉంటాయి. ఆహారంలోని కెరోటినాయిడ్లను విచ్ఛిన్నం చేసే జన్యువు చర్మంలో తక్కువగా పనిచేయడం వలన ఆ వర్ణకాలు అక్కడ నిల్వ ఉంటాయి. ఈ జన్యు రూపం ఎర్ర అడవి కోడి నుండి కాక, బూడిద అడవి కోడి నుండి వచ్చినదని 2008లో నిరూపితమైనది. ద్వీపకల్పపు అడవి కోడి ఒకటి ప్రపంచవ్యాప్తంగా పెంచే కోళ్ళకు ఒక ముఖ్య లక్షణాన్ని అందించినదన్నమాట. అడవి జాతులను జన్యు నిధిగా పరిగణించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

అడవిబాట పట్టిన కోళ్ళు: కవాయి దీవి అనుభవం

పాలినేషియన్లు తమ పడవలలో కోళ్ళను హవాయి దీవులకు తీసుకొనివెళ్ళారు. తరువాతి కాలంలో యూరోపియన్ మూలం గల పెంపుడు కోళ్ళు కూడా అక్కడికి చేరాయి. 1982, 1992 సంవత్సరాల తుఫానులలో కవాయి దీవిలోని అనేక పెరటి కోళ్ళు చెదిరి అడవిలో కలిశాయని స్థానికులు చెబుతారు. కోళ్ళకు శత్రువైన ముంగిస ఆ దీవిలో స్థిరపడకపోవడం కూడా వాటి వృద్ధికి తోడ్పడింది. నేడు అక్కడ స్వేచ్ఛగా తిరిగే కోళ్ళు ఈ రెండు మూలాల మిశ్రమమని 2015లో జన్యు విశ్లేషణ చూపింది.

2016 నాటి మరొక అధ్యయనం మరింత గమనార్హమైనది. ఈ కోళ్ళలో తురాయి పరిమాణం, పొదుగుడు స్వభావం, సంతానోత్పత్తికి సంబంధించిన జన్యు స్థానాలపై ప్రకృతి వరణం పనిచేసినట్లు అది గుర్తించింది. కాని ఆ స్థానాలు చాలావరకు పెంపకం వలన మారిన స్థానాలకు భిన్నమైనవి. అంటే పెంపుడు కోడి తిరిగి అడవికి వెళ్ళినపుడు పాత దారిలో వెనుకకు నడవదు, కొత్త దారి తొక్కుతుంది. కనుక అసలైన అడవి కోడి ఒకసారి అంతరించిపోతే, అడవిబాట పట్టిన కోళ్ళు ఆ లోటును పూరించలేవు.

జన్యు మిశ్రమం వలన కలిగే నష్టం

వాణిజ్య కోళ్ళ శుద్ధ వంశాలలో, పూర్విక కోళ్ళలో ఉండిన జన్యు వైవిధ్యంలో సగానికి పైగా లోపించినట్లు 2008లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ వైవిధ్యం నాటు కోళ్ళలోను, అడవి కోళ్ళలోను మిగిలి ఉన్నది. అయితే గత శతాబ్ద కాలంలో ఎర్ర అడవి కోళ్ళలోకి పెంపుడు కోళ్ళ జన్యువుల ప్రవేశం పెరుగుతూ వచ్చినట్లు మ్యూజియం నమూనాలతో పోల్చిన పరిశోధన తెలియజేస్తున్నది. మిశ్రమం వలన పక్షుల సంఖ్య తగ్గకపోవచ్చు. అందువలన ఈ నష్టం లెక్కలలో కనిపించదు.

క్షేత్రస్థాయిలో గుర్తించు విధానం

అసలైన ఎర్ర అడవి కోడి పుంజు తేలికైనది, బరువు సుమారు ఒక కిలో. కాళ్ళు పలక రంగులో ఉంటాయి. పెట్టకు తురాయి దాదాపుగా ఉండదు. సంతానోత్పత్తి కాలం ముగిసిన పిదప పుంజు మెడపై పొడవైన బంగారు ఈకలను రాల్చి, కొంతకాలం పొట్టి నల్లని ఈకలతో ఉంటుంది. పెంపుడు కోళ్ళలో ఈ మార్పు ఉండదు. కనుక మిశ్రమాన్ని అనుమానించడానికి ఇది ఉపయోగపడే సూచిక. అయితే తుది నిర్ధారణకు జన్యు పరీక్ష అవసరం.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలు గ్రామీణ కుటుంబాలకు ఆదాయాన్ని, పోషణను అందిస్తున్నాయి. వాటి పంపిణీని ఆపవలసిన అవసరం లేదు. అడవి అంచు గ్రామాలలో మాత్రం ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

1. అడవి కోళ్ళు ఉదయం, సాయంత్రం అడవి అంచున మేతకు వస్తాయి. కాబట్టి పెరటి కోళ్ళను పొద్దెక్కిన తరువాత వదిలి, పొద్దు వాలక ముందే గూటికి చేర్చాలి.

2. అవసరానికి మించిన పుంజులను తిరుగుబోతుగా వదలక, సకాలంలో అమ్మివేయాలి.

3. అడవి కోడి గుడ్లను తెచ్చి ఇంటి పెట్టల క్రింద పొదిగించరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దీనిని అనుమతించదు.

4. కొక్కెర తెగులు టీకాలు సకాలంలో వేయించాలి. పెరటి కోళ్ళ నుండి అడవి పక్షులకు వ్యాధి సోకే అవకాశం దీనివలన తగ్గుతుంది.

5. మెడ ఈకల మార్పు కనిపించని అడవి పుంజులను గమనించినపుడు, ప్రదేశము, తేదీ నమోదు చేసి అటవీ శాఖకు తెలియజేయాలి.

ముగింపు

పొలంలో రాలిన గింజ అడవి కోడిని మనిషి చెంతకు చేర్చింది. వేల సంవత్సరాల వరణంతో ఏడాదికి పది పదిహేను గుడ్లు పెట్టే పక్షి మూడు వందల గుడ్లు పెట్టే పక్షిగా మారింది. ఈ మార్పుకు ఆధారమైన మూల వైవిధ్యం ఇంకా మన అడవులలో సజీవంగా ఉన్నది. పెరటి కోడిని గూటికి చేర్చే చిన్న అలవాటుతో రైతు కోడికీ, అడవి కోడికీ కూడా రక్షణ లభిస్తుంది. ఈ విషయాన్ని పెరటి కోళ్ళ శిక్షణ కార్యక్రమాలలో ఒక పాఠంగా చేర్చడం అభిలషణీయం.