చెట్టుకప్పకు తగిన గాజుపెట్టె

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు వానకై ఎదురుచూచు మెట్టనేలలు. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర రాజుల కాలమున కట్టబడిన కంభము చెరువు వంటివి లేనియెడల ఇచ్చట పైరునకేగాక పశువులకును కష్టమే. అట్టి నేలలో సయితము తొలకరి పడిన రాత్రి స్నానపుగది గోడకు అంటుకొనియుండు చెట్టుకప్పను మన విద్యార్థులలో పెక్కుమంది చూచియుందురు. దానిని కొన్ని దినములు పెంచి పరిశీలింపవలెనని కోరువారికొరకు ఈ పాఠమును వ్రాయుచున్నాము. మేము చేసిన తప్పులనే మొదట చెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట తరగతిలో వార్డు అను లండను వైద్యుని కథను బోధించితిమి. ఆయన సుమారు 1829లో ఒక చిలుకపురుగు గూటిని తడిమట్టితో సీసాలో పెట్టి మూతవేయగా, ఆ మట్టిలో నీరుపోయకయే చిన్న మొక్కలు మొలచి పెరిగెను. ఈ పాఠము విన్న బాలురు కొందరు ఒక చెట్టుకప్పను తెచ్చి, తడిమట్టిగల గాజుజాడీలో నుంచి, మూత గట్టిగా బిగించిరి. మేమును మెచ్చుకొంటిమి. నాలుగవనాటి ఉదయమున కప్ప చచ్చియుండెను. మరుసటి సంవత్సరము ఆ భయముచేత నాలుగు ప్రక్కలను వలగుడ్డయే గల పెట్టెను చేయించితిమి. పడమటిగాలి రెండుదినములు వీచునప్పటికి కప్ప చర్మమెండి, అది కదలలేకుండెను. వెంటనే తడియాకులపై నుంచి, తేరుకొన్నపిదప తొట్టియొద్ద విడిచితిమి. మొదటిదానికి గాలి లేక, రెండవదానికి తేమ లేక హాని కలిగెను. రెండును కలిసియుండవలెననుటయే ఈ పాఠసారము.

దీనికి కారణము కప్ప చర్మమే. కప్ప మనవలె నోటితో నీరు త్రాగదు. ముఖ్యముగా పొట్టక్రిందను తొడలక్రిందను గల పలుచని చర్మముద్వారా నీటిని పీల్చుకొనును. ఊపిరితిత్తులున్నను, చర్మముద్వారా కూడ కొంత శ్వాసించును. ఆ చర్మమెండిన శ్వాసమునకు భంగము. మూతబిగించిన జాడీలోనైతే మలమూత్రముల విషము, బూజు, ఉక్క కలిసి అదే చర్మముద్వారా లోనికి పోవును. మొక్కకు సరిపోయిన సీసా కప్పకు సరిపోదని మేము ముందే ఆలోచింపవలసియుండెను.

మనయిండ్లలో కనబడు ఈ జాతిని శాస్త్రజ్ఞులు పాలిపెడేటిస్ మాక్యులేటస్ అందురు. జాన్ ఎడ్వర్డు గ్రే అను బ్రిటిషు జంతుశాస్త్రజ్ఞుడు దీనిని 1830లో వర్ణించెను. సున్నపుగోడలపై తరచుగా కనబడుటచే ఆంగ్లేయులు దీనిని చునాము కప్ప యనిరి. మగది సుమారు 2 అంగుళములు, ఆడది 3 అంగుళములవరకు పెరుగును. వ్రేళ్ల చివరనున్న గుండ్రని బిళ్లలతో నిలువుగోడలనైనను ఎక్కగలదు. పగలు ముడుచుకొని నిద్రించి, రాత్రి వేటాడును.

ఎక్కు స్వభావము గలది గనుక పెట్టె వెడల్పుకంటె ఎత్తు ముఖ్యము. ఒక కప్పకు 18 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు, 24 అంగుళముల ఎత్తుగల గాజుపెట్టె చాలును. పైమూతకు మెత్తని నైలాను వల బిగింపుడు. ఇనుపజల్లెడయైన తుప్పుపట్టుటయేగాక కప్ప ముక్కు గీచుకొనిపోవును. అడుగున కప్ప మ్రింగలేనంత పెద్ద గులకరాళ్లను పరచి, వానిపై కడిగిన కొబ్బరిపీచు వేయుడు. ఒక కుండీమొక్కను, కప్ప నడుముకంటె లావైన కొమ్మలు రెండింటిని నిలుపుడు. దాగుటకు మన మార్కాపురపు పలకరాయి ముక్క మంచిది. కాని దాని అంచులను ముందుగా అరగదీయవలెను. లోతులేని మట్టిమూకుడులో నీరుంచి, ఎక్కుటకు మరియొక పలకముక్కను వాలుగా పెట్టుడు.

నీరు వాననీరైన శ్రేష్ఠము. కొళాయినీటిలో క్లోరిన్ వాయువుండును గాన వెడల్పైన పాత్రలో ఒక దినము తెరచియుంచి వాడవలెను. ఉదయము, సాయంకాలము ఆకులపై సన్నగా చిలుకరింపుడు. రెండు చిలుకరింపులనడుమ ఆకులు కొంత ఆరవలెను. ఎల్లప్పుడు కారుచుండు తడి బూజునకు మేలు, కప్పకు కీడు.

తేమ యెంతయున్నదో చేతితో తడిమి చెప్పరాదు. మన ప్రయోగశాలలోని ఉష్ణమాపకములు రెండింటిని తెచ్చి, ఒకదాని గోళమునకు తడిగుడ్డ చుట్టుడు. గాలి పొడిగానున్నకొలది గుడ్డలోని నీరు త్వరగా ఆవిరియై, ఆ గోళము చల్లబడును. వేసవిలో మట్టికుండ నీటిని చల్లపరచునది ఈ న్యాయముచేతనే. పొడిగోళము 30 డిగ్రీలు, తడిగోళము 26 డిగ్రీలు చూపిన తేమ సుమారు నూటికి 73 పాళ్లు. ఇది కప్పకు అనుకూలము. తడిగోళము 20 డిగ్రీలకు దిగిన తేమ నూటికి 40 పాళ్లకంటె తక్కువ; వెంటనే చిలుకరింపవలెను. ఇంకొక మాట: గాజుపెట్టెపై ఎండపడిన అది పొయ్యియగును. కిటికీయెదుట ఎన్నడును పెట్టకుడు. మన చైత్ర వైశాఖముల ఎండలో కప్పను పెంచనే రాదు.

ఆహారమునకు రెండుదినముల కొకసారి కీచురాళ్లను, రెక్కలపురుగులను వేయవలెను. కదలనిదానిని కప్ప సాధారణముగా తినదు. పురుగు కప్ప రెండుకన్నుల నడిమి వెడల్పునకు మించరాదు. మందుచల్లిన చేలలోని పురుగులు విషతుల్యములు. మూకుడునీటిని ప్రతిదినము మార్చుడు. కప్పను ఊరక చేతబట్టకుడు; తప్పనిసరియైన, సబ్బు ఏమాత్రము లేకుండ కడిగిన తడిచేతితో పట్టుడు. పిదప మాత్రము సబ్బుతో బాగుగా కడుగుకొనుడు. అంతవరకు కన్నులు తుడుచుకొనకుడు.

ఎచ్చటినుండి తేవచ్చును? నల్లమల అభయారణ్యమునుండి అనుమతిలేక ఏ ప్రాణిని తెచ్చినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత నేరము. ఊరిలో దొరకినదానివిషయమున సయితము ఉపాధ్యాయులద్వారా అటవీశాఖవారి నడిగియే పట్టవలెను. రెండు మూడు వారములకంటె ఎక్కువ ఉంచక, పట్టినచోటనే, సాయంకాలమున విడువవలెను. వేరొక ఊరి చెరువులో విడుచుట దయ కాదు. 1999లో శాస్త్రజ్ఞులు వర్ణించిన ఒక బూజుజాతి, కప్పల చర్మమునే పట్టి, లోకమున అనేక దేశములలో వానిని నశింపజేసినది. అట్టి వ్యాధులు ఒకచోటినుండి మరియొకచోటికి మనుష్యుల చేతులమీదుగానే తరచుగా పోయినవి.

మూడవమారు మా పెట్టెలోని కప్ప క్షేమముగానుండెను. మొదట జాడీమూత బిగించిన బాలురలో ఒకడే ప్రతిదినము రెండుమారులు చిలుకరించి, ఉష్ణమాపకముల అంకెలను పలకపై వ్రాసెను. మూడవవారము చివర దానిని తొట్టియొద్ద విడిచినవాడును అతడే. వానకాలమున ఈ జాతి కప్పలు నీటిపైకి వ్రేలాడు ఆకులకు నురుగుగూడు కట్టి, అందులో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పొదిగి క్రిందినీటిలో రాలును. ప్రియవిద్యార్థులారా, ఆ వింతను పెట్టెలోగాక తొట్టియొద్దనే, లాంతరు పట్టుకొని, మీ పెద్దలతోకూడ పోయి చూడుడు.