గొఱ్ఱెపిల్ల యేమాయెను?

ఈ నెల పాఠము 2 సమూయేలు గ్రంథము 11, 12 అధ్యాయములు. చదువు వచ్చినవారు రానివారికి ఆ రెండు అధ్యాయములను నెమ్మదిగా చదివి వినిపించి, తరువాత ఈ మాటలు చూడవలెనని కోరుచున్నాము.

2009వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీ మనలో అనేకులకు జ్ఞాపకముండును. క్రిస్మసు ఆరాధన ముగించి, భోజనములు చేసి, టీవీ పెట్టుకొన్నవారికి ఆ దినమున ఒక వార్త కనబడెను. హైదరాబాదు రాజభవనములో గవర్నరు నారాయణ్ దత్ తివారీగారు స్త్రీలతో నున్నట్లు చెప్పిన దృశ్యములను ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానలు చూపెను. హైకోర్టు ఆ ప్రసారమును ఆపుమని ఆజ్ఞ ఇచ్చెను. మరునాడు, అనగా డిసెంబరు 26న, ఆయన ఆరోగ్యము బాగులేదని చెప్పి పదవికి రాజీనామా చేసెను. అప్పటికి ఆయనకు 84 ఏండ్లు. ఆ నింద అబద్ధమనియు, తనమీద పన్నిన కుట్ర యనియు ఆయన చెప్పెను. ఆ చిత్రముల నిజానిజములు తీర్చుటకు మనము న్యాయాధిపతులము కాము. 2018 అక్టోబరు 18న ఆయన చనిపోయెను. తీర్పు తీర్చువాడు దేవుడు.

ఆయన చిన్నవాడు కాడు. 1942లో స్వాతంత్ర్య పోరాటమునందు యౌవనప్రాయములోనే జైలుకు పోయినవాడు. ఉత్తరప్రదేశమునకు మూడుసార్లు, ఉత్తరాఖండమునకు ఒకసారి ముఖ్యమంత్రియైనవాడు. ఢిల్లీలో కేంద్రమంత్రిగా పనిచేసినవాడు. అట్టివాని పేరు ఒక్క దినములో హోటళ్లలో చాయ త్రాగువారికి నవ్వులాట ఆయెను. ఆ నవ్విన వారిలో మేమును ఉన్నాము. ప్రియులారా, ఆ నవ్వును గూర్చియే ఈ పాఠము.

1. నాతాను చెప్పిన కథ

దావీదు పాపము చేసిన తరువాత ప్రవక్తయైన నాతాను అతనియొద్దకు వచ్చి ఒక కథ చెప్పెను. ఒక ధనవంతునికి మందలు మందలుగా గొఱ్ఱెలున్నవి. ఒక బీదవానికి ఒక్క గొఱ్ఱెపిల్లయే యున్నది. అది వాని కంచములోనిది తిని, వాని బిడ్డవలె పెరిగినది. ధనవంతుని ఇంటికి చుట్టము రాగా, అతడు తన మందను ముట్టక బీదవాని గొఱ్ఱెపిల్లను పట్టుకొనిపోయి కోయించెను. మన మెట్టపొలములలో గొఱ్ఱెలు కాచువారికి ఈ కథను విప్పి చెప్పనక్కరలేదు. పిల్లను పోగొట్టుకొన్న వాని దుఃఖము వారికి తెలియును.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. నాతాను తన కథలో మేడను గూర్చి చెప్పలేదు, స్నానమును గూర్చి చెప్పలేదు, స్త్రీ అందమును గూర్చి చెప్పలేదు. బలముగలవాడు బలహీనుని దోచుకొనుట మాత్రమే చెప్పెను. దేవుని దృష్టిలో ఆ పాపమునకు వేరు అక్కడ నున్నది.

మరియొక సంగతి. రాజు ఒంటరిగా ఆ పాపము చేయలేదు. ఆమె ఎవరో విచారించి చెప్పినవారున్నారు. పోయి ఆమెను పిలిచికొనివచ్చినవారున్నారు. ఊరియా చావునకు ఏర్పాటు చేసిన యోవాబు ఉన్నాడు. 2009 నాటి వార్తలోకూడ, గనుల అనుమతి దొరుకునను ఆశతో తాను స్త్రీలను పంపితినని ఒకామె చెప్పినట్లు ఆ చానలు ప్రకటించెను. అది నిజమైనను కాకపోయినను, ఆ మాట వినగానే మనము అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ స్త్రీలు ఎవరి బిడ్డలు? ఏ అక్కర వారిని అక్కడికి నడిపించెను? ముసలి గవర్నరును గూర్చి వంద మాటలు చెప్పుకొన్నాము గాని, గొఱ్ఱెపిల్ల యేమాయెనని మనలో ఎవరును అడుగలేదు.

2. ఒప్పుకొనినవాడును ఒప్పుకొననివాడును

నాతాను వ్రేలు చూపగా దావీదు తప్పించుకొనలేదు. తాను పాపము చేసితినని ఒక్క మాటలో ఒప్పుకొనెను. దేవుడు క్షమించెను. అయినను ఆ పాపఫలము అతని ఇంటిని విడువలేదు.

తివారీగారి జీవితములో వేరొక వ్యాజ్యెము నడిచెను. ఒక యౌవనుడు ఆయన తన తండ్రియని 2008లో ఢిల్లీ హైకోర్టుకు పోయెను. ఆయన కాదనెను, రక్తపరీక్షకును ఒప్పుకొనలేదు. చివరకు కోర్టు ఆజ్ఞవలన రక్తమియ్యవలసి వచ్చెను. 2012 జూలైలో పరీక్షాఫలము బయటపడెను, ఆయనయే తండ్రి. 2014లో, 88 ఏండ్ల వయస్సున, ఆయన అతనిని కుమారుడని ఒప్పుకొని, ఆ తల్లిని వివాహమాడెను. ఆలస్యమైనను ఒప్పుకొనుట మేలే. కాని ఆ బిడ్డ బాల్యము ఎవరు తిరిగి ఇయ్యగలరు?

ఇంగ్లండు దేశములో జరిగిన ఇట్టి సంగతికూడ మనకు బుద్ధి చెప్పుచున్నది. అక్కడ యుద్ధశాఖ మంత్రియైన జాన్ ప్రొఫ్యూమో, క్రిస్టీన్ కీలర్ అను 19 ఏండ్ల యువతితో సంబంధము పెట్టుకొని, 1963 మార్చిలో తప్పేమియు జరుగలేదని పార్లమెంటులో అబద్ధమాడెను. జూను 5న ఆ అబద్ధమును ఒప్పుకొని రాజీనామా చేసెను. తరువాత మరల పదవిని వెదకక, లండను పట్టణపు తూర్పు పేటలలో పేదలకు సేవచేయు టోయిన్బీ హాలుకు పోయి, గిన్నెలు కడుగుటవంటి పనులతో మొదలుపెట్టి, దశాబ్దములు అక్కడనే సేవచేసెను. 1975లో ఆయనకు ప్రభుత్వ బిరుదు వచ్చెను. అట్టి మారుమనస్సును మెచ్చుకొనవలసినదే. అయితే ఆ యువతి? వేరొక విచారణలో అబద్ధసాక్ష్యము చెప్పినదని 1963 డిసెంబరులో ఆమెకు తొమ్మిది నెలల శిక్ష పడెను. చనిపోవు వరకు ఆ నింద ఆమె పేరును విడువలేదు. పెద్దవాడు పడినను లేచుటకు చేయి దొరకును. గొఱ్ఱెపిల్లకు దొరకదు.

3. మన మధ్యనున్న గొఱ్ఱెపిల్లలు

ఇవి రాజభవనముల సంగతులని అనుకొనవద్దు. మన పూర్వపు పాలమూరు జిల్లాలో, మక్తల్, నారాయణపేట వైపున, బీద మాలమాదిగల ఆడపిల్లలను జోగినులుగా విడిచి, ఊరి పెద్దమనుష్యుల వశము చేసిన ఆచారము మన తాతలకు తెలియును. 1988లో దానిని నిషేధించుచు చట్టము వచ్చెను. చట్టము వచ్చిన తరువాతకూడ ఆ కన్నీరు వెంటనే ఆగలేదు. పూర్వము నల్లగొండ జిల్లాలోనిదైన యాదగిరిగుట్టలో 2018 జూలై చివర పోలీసులు వ్యభిచారపు ఇండ్లనుండి 11 మంది బాలికలను విడిపించిరి. వారిలో ఇంకను బడికి పోవు ఈడు రాని పసివారుండిరి.

ఇక మా పాపము చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము చూచుచున్న ఊళ్లలో ఒక ఊరినుండి ఒక యౌవనస్థురాలు మేస్త్రి వెంట పట్టణమునకు కూలికి పోయెను. ఇంటివారు అతనియొద్ద అడ్వాన్సు తీసికొనియుండిరి. రెండేండ్లకు ఆమె తిరిగివచ్చెను. ఏమి జరిగెనో ఊరంతయు చెప్పుకొనెను గాని, ఆమెను ఎవరును అడుగలేదు. సంఘపెద్దలు కూడి ఆమె పేరు కొట్టివేయ తీర్మానించిరి. ఆ తీర్మానము క్రింద మేమును సంతకము చేసితిమి. ప్రభుభోజనపు ఆదివారమున ఆమె వాకిలిదగ్గర చెప్పుల ప్రక్కన కూర్చుండగా, రొట్టెపళ్లెము ఆమెను దాటిపోయెను. ఆ మేస్త్రి గుడికి రేకులు వేయించుటకు చందా ఇచ్చినవాడు. అతడు ముందు వరుసలో కుర్చీమీద కూర్చుండెను.

ఆరాధన తరువాత ఆమె తల్లి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారు, నా బిడ్డ పేరు సంగం పుస్తకంలకెల్లి తీసేసిండ్రు. దాన్ని తోలుకపోయినోని పేరు యే పుస్తకంల రాసిండ్రు?" అని అడిగెను.

మాకు జవాబు లేదు. దావీదుకు నాతాను చెప్పిన మాట ఆ రాత్రి మాకు వినబడెను. ఆ మనుష్యుడు మేమే.

తరువాతి నెలలో సంఘము ఎదుట నిలువబడి మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె పేరు మరల వ్రాసితిమి. పెద్దలలో ఇద్దరు కోపించి కొన్నాళ్లు గుడికి రాలేదు. రేకుల పైకము ఆ మేస్త్రికి తిరిగి ఇచ్చుటకు సంఘమునకు రెండు పంటలు పట్టెను. ఆమె సరేననిన తరువాత, ఫిర్యాదు వ్రాయించుటకు తల్లీబిడ్డలతో మేమును పోలీసు స్టేషనుకు పోతిమి. ఆమె మాత్రము వెంటనే గుడికి రాలేదు. మూడు నెలలకు ఒక ఆదివారము వచ్చి కూర్చుండెను. ఆ దినమున పళ్లెము ఆమెను దాటిపోలేదు.

4. మనము చేయవలసినది

మత్తయి సువార్త మొదటి అధ్యాయము మనము క్రిస్మసు దినములలో చదువుదుము. యేసుప్రభువు వంశావళి వ్రాయుచు మత్తయి దావీదు తప్పును దాచలేదు. సొలొమోను తల్లిని ఊరియా భార్యగానే చెప్పెను. రాజు గౌరవముకొరకు ఆమె సంగతిని మరుగుచేయలేదు. దేవుని గ్రంథము పెద్దల పాపమును కప్పదు, దోచబడినవారిని మరువదు. మన సంఘపు పుస్తకముకూడ అట్లే యుండవలెను.

కాబట్టి అడ్వాన్సు పుచ్చుకొని ఆడబిడ్డను ఎవరి వెంటనైనను పంపక మునుపు, ఏ ఊరు, ఎవరి యొద్ద, ఏ పని అని విచారించుడి. చిన్నపిల్ల ఆపదలోనున్నదని తెలిసినయెడల 1098 నంబరుకు ఫోను చేయుడి. తిరిగివచ్చిన బిడ్డ మాట వినకుండ ఆమెమీద తీర్మానము వ్రాయకుడి. చందా ఇచ్చినవాడని ఎవని తప్పును కప్పకుడి. ఈసారి పెద్దవాడొకడు పడెనను వార్త వచ్చినప్పుడు, నవ్వక మునుపు, గొఱ్ఱెపిల్ల యేమాయెనని అడుగుడి.

ప్రార్థన: ప్రభువా, దావీదును గద్దించిన నీవు మమ్మునుకూడ గద్దించుము. మేము దాటించిన రొట్టెను మా చేతులతోనే తిరిగి ఇయ్యనిమ్ము. మా బిడ్డలను కాపాడుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.