తోట రాముడు, గువో జింగ్ : పుస్తకం నుంచి తెర మీదికి వచ్చిన ఇద్దరు సాహసవీరులు

మన తెలుగు వాచకాల్లో "జానపద కథ" అనే మాట వస్తుంది. పరీక్షకు రెండు లక్షణాలు రాసి వదిలేస్తాం. ఒక రాజకుమారి, ఒక మాంత్రికుడు, ఏడు సముద్రాలు, చివరికి పెళ్ళి. ఇంతేనా? ఇలాంటి కథ పుస్తకంలో నుంచి లేచి తెర మీదికి ఎలా నడిచిందో, అందులో వీరుడు ఎవరి బిడ్డో కాస్త నిలబడి చూద్దాం. ఒక కథ మనది, ఇంకొకటి చైనా వాళ్ళది.

మన కథ "పాతాళ భైరవి". 1951 మార్చిలో విడుదలైంది. ఆ సినిమా మద్రాసులో తయారైందని అందరికీ తెలుసు. దాని వెనుక మన సీమ మనుషులున్న సంగతి చాలామందికి తెలియదు. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. దర్శకుడు కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. ఆయన పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. నాగిరెడ్డి గారి అన్న బి.ఎన్.రెడ్డి గారు వాహినీ సంస్థను నడిపారు. అక్కడ పనిచేస్తూనే కె.వి.రెడ్డి గారు "భక్త పోతన"తో దర్శకుడయ్యారు. తర్వాత 1947లో "యోగి వేమన" తీశారు. మరో నిర్మాత చక్రపాణి గారిది తెనాలి. ఆయనా నాగిరెడ్డి గారూ కలిసి 1947 జూలైలో "చందమామ" పత్రిక మొదలుపెట్టారు. అంటే పిల్లలకు కథలు అచ్చువేసే చేతులే నాలుగేళ్ళ తర్వాత పెద్దలకు కథ చూపించాయి. దుర్భిక్షం, కక్షలు తప్ప సీమలో ఏముంది అనేవాళ్ళకు చెప్పదగిన మాట ఇది.

సినిమాకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి "కాశీమజిలీ కథలు". పన్నెండు భాగాల పెద్ద గ్రంథం. దాని కట్టడమే తమాషాగా ఉంటుంది. ఒక యతి కాశీయాత్రకు బయలుదేరుతాడు. తోడుగా పశువులు కాచే కుర్రవాడు వస్తాడు. ఆ కుర్రవాడి షరతు ఒక్కటే, దారిలో తాను అడిగినప్పుడల్లా కథ చెప్పాలి. మజిలీ అంటే ప్రయాణంలో ఆగే చోటు. ఆగిన ప్రతిచోటా ఒక కథ. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కథ చెప్పేవాడు చదువుకున్నవాడే కావచ్చు, కథను అడిగి రాబట్టేవాడు మాత్రం పశులకాపరి. వాడు అడగకపోతే పన్నెండు భాగాలు లేవు.

ఆ గ్రంథంలోని కథకు అరేబియా రాత్రుల అల్లావుద్దీన్ కథ పోలికలూ కలిసి సినిమా కథ తయారైంది. పింగళి నాగేంద్రరావు గారు మాటలు, పాటలు రాశారు. ఘంటసాల గారు సంగీతం, మార్కస్ బార్ట్లే గారు ఛాయాగ్రహణం. "డింభకా" అనే మాట ఎక్కడో నిఘంటువులో నిద్రపోతుంటే పింగళి గారు లేపి జనం నోట్లో వేశారు. పసివాడా అని దాని అర్థం. ఇవాళ్టికీ మన డార్మిటరీలో ఒకణ్ణొకరు ఆటపట్టించుకోవడానికి పనికొస్తోంది.

కథ ఉజ్జయినిలో జరుగుతుంది. తోట రాముడు తోటమాలి కొడుకు. తండ్రి లేడు, తల్లే పెంచింది. రాజకుమారి ఇందుమతిని ప్రేమించి, రాత్రిపూట అంతఃపురంలోకి వెళ్ళి పట్టుబడతాడు. అతని ధైర్యం చూసి రాజు ఒక షరతు పెడతాడు, తనతో సమానమైన ఐశ్వర్యం తెస్తే పిల్లనిస్తానని. ఇక్కడ ఆగి ఆలోచించాలి. రాముడు సాహసి అని రాజు ఒప్పుకున్నాడు, తెలివైనవాడని చూశాడు. అయినా ఆ రెండూ చాలలేదు. ఆస్తి కావాలి. నా దృష్టిలో సినిమా మొత్తానికి కీలకం ఈ చిన్న సన్నివేశమే. భైరవి గుహ కంటే ఇది లోతు. (మన సీమలో పాతాళం అంటే బోరు వేస్తే నీళ్ళు పడే చోటు అనుకోండి, అంత లోతు.)

అప్పుడు నేపాళ మాంత్రికుడు వస్తాడు. సకల విద్యలూ తెలిసిన ఒక సాహసవంతుణ్ణి పాతాళ భైరవికి బలి ఇస్తే, కోరినవన్నీ ఇచ్చే ప్రతిమ దొరుకుతుందని అతనికి తెలుసు. బీదవాడికి డబ్బు అవసరం, మాంత్రికుడికి బీదవాడి తల అవసరం. కొలనులో మొసలిని చంపినప్పుడు శాపం తీరిన కన్య అసలు సంగతి చెప్పడంతో రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమ తెచ్చుకుంటాడు. కోరగానే మేడ, కోరగానే ధనం. పెళ్ళి ఖాయమవుతుంది.

ఇక్కడే కథ అయిపోయి ఉంటే అది లాటరీ తగిలినవాడి కథ. కె.వి.రెడ్డి గారు అక్కడ ఆపలేదు. శిష్యుడు సదాజపుడు మాంత్రికుణ్ణి బతికిస్తాడు. రాజుగారి బావమరిది చేత ప్రతిమను దొంగిలింపజేసి, మాంత్రికుడు మేడతో సహా ఇందుమతిని మాయం చేస్తాడు. రాముడు మళ్ళీ ఒట్టి చేతుల వాడయ్యాడు. ఇప్పుడు అతనికి మిగిలింది స్నేహితుడు అంజి, తన బుర్ర. సదాజపుడి వేషం వేసి, రాజకుమారి మెచ్చుతుందని నమ్మించి మాంత్రికుడి చేత గడ్డం తీయిస్తాడు. ఆ గడ్డంలోనే వాడి శక్తి ఉంది. ప్రతిమ ఇచ్చిన మేడ ఎగిరిపోయింది గానీ ఈ ఉపాయం ఎవడూ ఎత్తుకుపోలేనిది.

ఎన్.టి.రామారావు గారిని పెద్ద నటుణ్ణి చేసిన చిత్రమిది. మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు గారి సంగతి చెప్పనక్కరలేదు. తమిళంలోనూ వచ్చింది, 1952లో హిందీకి వెళ్ళింది. అదే ఏడు మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 1985లో కె.బాపయ్య గారు జితేంద్రతో హిందీలో మళ్ళీ తీశారు.

ఇక చైనా కథ. ఝిన్ యోంగ్ అనే కలంపేరు గల రచయిత 1957 నుంచి 1959 దాకా హాంకాంగ్‌లోని ఒక దినపత్రికలో రోజూ కొంచెం కొంచెంగా రాశారు. పేరుకు అర్థం చెప్పుకోవాలంటే "గద్దలను కొట్టిన విలుకాడి కథ". యుద్ధవిద్యలు తెలిసిన వీరుల కథలను చైనా భాషలో "వూషియా" అంటారు. మన ఊళ్ళల్లో కర్రసాము నేర్పే గురువులు, వాళ్ళ పట్లు, వాళ్ళ పంతాలు ఉంటాయి కదా, వాటిని నూరింతలు చేసి చూడండి, సుమారుగా అర్థమవుతుంది. పుస్తకం పూర్తికాక ముందే 1958లో మొదటి సినిమా వచ్చేసింది! 1977లో షా బ్రదర్స్ వాళ్ళు తీశారు. 1983లో హాంకాంగ్ టీవీలో వచ్చిన ధారావాహిక ఎక్కువమందికి గుర్తుంది. 2017లో మరొకటి, 2025లో సుయ్ హార్క్ దర్శకత్వంలో మళ్ళీ సినిమా. ఇంగ్లీషులోకి మొదటి భాగం రావడానికి మాత్రం 2018 దాకా పట్టింది. రచయిత ఆ సంవత్సరం అక్టోబరులోనే కన్నుమూశారు.

కథానాయకుడు గువో జింగ్. ఇతనికీ తండ్రి లేడు. పుట్టకముందే తండ్రి హత్యకు గురయ్యాడు. తల్లి పారిపోయి మంగోలియా గడ్డిమైదానాల్లో ప్రసవించింది. తండ్రి స్నేహితుడి కొడుకు యాంగ్ కాంగ్ మాత్రం శత్రురాజ్యపు రాకుమారుడి ఇంట, అతని బిడ్డగానే పెరుగుతాడు. ఒకడు గుడారంలో, ఒకడు మేడలో. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఈ ఇద్దరికీ పోటీ పెట్టాలని గురువులు పందెం వేసుకుంటారు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, గువో జింగ్ తెలివైనవాడు కాదు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. గురువులు నేర్పింది తలకెక్కదు. వాళ్ళు తిడతారు, నిట్టూరుస్తారు. వీడు మాత్రం ఒక్క దెబ్బనే వందసార్లు, వెయ్యిసార్లు సాధన చేస్తాడు. ఎక్కాలు రాని పిల్లవాడు పలకమీద అదే ఎక్కం మళ్ళీ మళ్ళీ దిద్దినట్టు. చురుకుదనమంతా హువాంగ్ రోంగ్ అనే అమ్మాయిది. బిచ్చగాళ్ళ సంఘానికి పెద్ద అయిన హోంగ్ చిగోంగ్ గొప్ప విద్య తెలిసినవాడు, తిండి మీద ప్రీతి ఎక్కువ. ఆ అమ్మాయి రకరకాల వంటలు వండిపెట్టి, ఆయన చేత గువో జింగ్‌కు పాఠం చెప్పిస్తుంది. మన మెస్‌లో అలాంటి వంట ఉంటే లెక్కల సారు రోజూ స్టడీ అవర్‌కు వచ్చేవారేమో!

పోలిక ఇక్కడ విడిపోతుంది. తోట రాముడు రాజకుమారి కోసం బయలుదేరాడు. గువో జింగ్‌కు చెంఘిజ్ ఖాన్ తన కూతుర్నిస్తానని తానే మాట ఇచ్చాడు. అల్లుడు కావచ్చు, సైన్యాన్ని నడపవచ్చు. కానీ ఆ సైన్యం తన సొంత దేశమైన సోంగ్ రాజ్యం మీదికే వెళ్ళబోతోందని తెలిసినప్పుడు అన్నీ వదులుకుని వెళ్ళిపోతాడు. యాంగ్ కాంగ్ తన పుట్టుక నిజం తెలిసిన తర్వాత కూడా మేడను వదలలేకపోతాడు. రాజుగారి షరతును నెరవేర్చి చూపినవాడు మన రాముడు, రాజుగారి బహుమతినే కాదన్నవాడు గువో జింగ్. ఎవరు గొప్ప? నేను రాముడి పక్షమే. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి ముందు సంపాదించుకునే హక్కు ఉండాలి కదా, వదులుకోవడం తర్వాతి మాట. దీనికి ఎదురు వాదం ఉందని తెలుసు. పదో తరగతి తమ్ముళ్ళు ఆదివారం సాయంత్రం రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటే బాగుంటుంది. ముందు "పాతాళ భైరవి" మొత్తం చూడండి, పాటల దగ్గర ముందుకు తోయకుండా. రాజు షరతు పెట్టే చోట ఇందుమతి ముఖాన్ని కూడా గమనించండి.