ఆ మైనం బ్లాకు జాగ్రత్తర్రా!

ఏమర్రా, ముక్క పరీక్ష రిపోర్టు చేతికొస్తే మనం వెతికేది ఒక్కటే కదా, మంచి గడ్డా, చెడ్డదా అని! చెడ్డదంటే ఇక కాళ్ళూ చేతులూ ఆడవు. మిగతా లైన్లు చదివే ఓపికెవరికి? మెదడు గడ్డల్లో అసలు సంగతంతా ఆ లైన్లలోనే ఉంటుంది మరి.

గ్లియోబ్లాస్టోమా పేరు వినే ఉంటారు. అందులో ఎపిథెలియాయిడ్ అని బహు అరుదైన రకం ఒకటుంది. ఎక్కువగా పిల్లల్లో, పడుచువాళ్ళలో వస్తుంది. మైక్రోస్కోపులో దాని కణాలు గుండ్రంగా, నిండుగా కనిపించి, చర్మంలో పుట్టే మెలనోమాయే మెదడుకి పాకిందేమో అనిపిస్తాయి. జన్యు పరీక్ష చేస్తే దాదాపు సగం మందిలో బీరాఫ్ వీ600ఈ అనే మార్పు బయటపడుతుంది. ఆ మార్పు మీదే పనిచేసే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలున్నాయి. అందరికీ గుణమిస్తాయని కాదు గానీ, పరీక్షే చేయించకపోతే వాటి ఊసే రాదు కదా! తంటా ఏమిటంటే, మెలనోమాలోనూ ఇదే మార్పు ఉండొచ్చు. అందుకని యాంటీబాడీ పరీక్షలూ చేస్తారు. వెతికే ప్రొటీను ఉన్నచోట స్లైడు మీద గోధుమ రంగు తేలుతుంది. అప్పటికీ ఏ గడ్డో తేలకపోతే డీఎన్ఏ మీది మిథైలేషన్ గుర్తులు చూస్తారు. జర్మనీలో హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు 2018లో ఈ పద్ధతిని రకరకాల మెదడు గడ్డల మీద వాడి చూస్తే, నూటికి సుమారు పన్నెండు కేసుల్లో ముందు పెట్టిన జబ్బు పేరే మారిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలోనూ జన్యువుల మాటకి పెద్దపీట వేశారు. మైక్రోస్కోపులో సాధుగా కనిపించిన గడ్డ కూడా జన్యువుల లెక్కన గ్లియోబ్లాస్టోమా కావచ్చు.

వీటన్నిటికీ కావలసింది ఆపరేషన్లో తీసిన ముక్కే. దాన్ని మైనంలో పొదిగి, నంబరు వేసిన చిన్న ప్లాస్టిక్ చట్రంలో బిగిస్తారు. అదే బ్లాకు. ఎన్ని పరీక్షలైనా అందులోంచి పల్చటి పొరలు కోసే చేస్తారు. మరీ చిన్న ముక్కయితే ఏ పరీక్ష ముందో డాక్టర్నే అడగండి, ఊరికే తరిగిపోతుంది.

రెండో అభిప్రాయం అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి తల్లీ, అనుమానమొస్తే వాళ్ళే ఒకరికొకరు పంపుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరోపాథాలజీకి ప్రత్యేకంగా విభాగమే ఉంది. బ్లాకు, స్లైడ్లు, రిపోర్టు కాపీ కావాలని ల్యాబులో కాగితం రాసివ్వండి. ఎండాకాలం మాత్రం కారులో వదిలెయ్యకండేం, మైనం మెత్తబడుతుంది.