నీరు, వేపనూనె ఎందుకు కలియవు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్రనేలలలో చెనక్కాయ వేయు రైతులు పేనుబంక వంటి రసము పీల్చు పురుగులకు వేపనూనె చల్లుట కలదు. నూనె ఒకటే అయినను ఒకరి చేలో పురుగు తగ్గును. వేరొకరి చేలో కొన్ని సాళ్ళలో ఆకు మాడి, తక్కిన సాళ్ళలో పురుగు అట్లే యుండును. తరచుగా లోపము నూనెలో కాదు, కలుపుటలో నుండును. ఇది తెలియవలెనన్న ముందు నీటి స్వభావము తెలియవలెను.

నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు కలవు. ఇవి ఒకే గీతపై నుండక, సుమారు 104.5 డిగ్రీల కోణముతో వంగియుండును. ఆక్సిజన్ ఎలక్ట్రానులను తనవైపు ఎక్కువగా లాగుకొనును. అందుచే ఆ వైపున కొంచెము ఋణవిద్యుత్తు, హైడ్రోజన్ వైపున కొంచెము ధనవిద్యుత్తు ఏర్పడును. దీనినే ధ్రువత్వ మందురు. ఒక అణువులోని హైడ్రోజన్, ప్రక్క అణువులోని ఆక్సిజన్‌ను ఆకర్షించి పట్టుకొనును. ఇదియే హైడ్రోజన్ బంధము. విడిగా ఇది బలహీనమే. కాని దారపు పోగులు కలిసి మోకు అయినట్లు, అన్నియు కలిసినప్పుడు నీటికి గట్టి పట్టు వచ్చును.

యూరియా అణువునకును ధ్రువత్వము కలదు. అది నీటితో హైడ్రోజన్ బంధములు ఏర్పరచుకొనును గనుక సులభముగా కరగును. నూనె అణువులోని పొడవైన కర్బన గొలుసులకు ధ్రువత్వము లేదు. నీటి అణువులు ఒకదాని నొకటి పట్టుకొని నూనెను వెలికి నెట్టును. అందుచే నూనె కలియక విడిపోవును; నీటికన్న తేలిక గనుక పైకి తేలును.

ఇచ్చట సబ్బు మధ్యవర్తి. దాని అణువు తల నీటిని, తోక నూనెను పట్టుకొనును. నూనె సన్నని బొట్లుగా విడి, ద్రావణము పాలవలె నగును. ఆకుపై బొట్టుగా నిలిచి జారిపోవు నీరు కూడ సబ్బు వలన పరచుకొనును.

కలుపు విధానము: 10 లీటర్ల నీటికి 50 మి.లీ. వేపనూనె, 10 గ్రాముల సబ్బుపొడి చాలును. మొదట కొద్ది నీటిలో సబ్బును కరగించి, నూనెను సన్నధారగా పోయుచు బాగుగా చిలుకవలెను. తరువాత మిగిలిన నీరు చేర్చవలెను. గాజుగ్లాసులో కొంత పోసి ఐదు నిమిషములు చూడుడు. పైన నూనె తేలినచో మరల చిలుకవలెను. కొన్ని బోరునీళ్ళలోని సున్నపు లవణములు సబ్బును విరిచి తెట్టె కట్టించును. అప్పుడు వాననీరు గాని చెరువునీరు గాని వాడుట మంచిది.

ముందు నాలుగు మొక్కలపై చల్లి, మరునాడు ఆకు మాడలేదని చూచుకొని, సాయంకాలము చేనంతయు చల్లవలెను. మధ్యమధ్య ట్యాంకును కదుపుట మరువరాదు. కలిపిన మందును ఆ పూటకే వాడవలెను.