మన పనిదినము విలువ ఎంత? (ఇంటిలెక్క పాఠము)



నూలు చేతికి రాగానే దాని నెంబరు చెప్పగలవారము మనము. 40 నెంబరనగా పౌను బరువుకు 840 గజముల చిలపలు నలుబది తూగునని మన ఇండ్లలో బడి మొగము చూడని పెద్దలకు కూడ తెలియును. అచ్చులో ఎన్ని పోగులో, అంగుళమునకు ఎన్ని పేకలో లెక్క తప్పనియ్యము. ఒక్క పోగు తెగినను మగ్గము ఆపి, అతికిన పిమ్మటనే నాడె వేయుదుము. అట్టి మనము మన దినము ఎట్లు పోవుచున్నదో, దానికి ఏమి వచ్చుచున్నదో ఎన్నడైన లెక్క వేసితిమా? బ్రతుకు బాగుపడవలెనని కోరని ఇల్లు లేదు. కాని లెక్క లేని కోరిక కోరికగానే ఉండిపోవును. అందుచేత ఈ పాఠములో మూడు లెక్కలు నేర్చుకొందము.

మొదటి లెక్క: మజూరి

ఒక ఉదాహరణ తీసుకొందము. పడుగు ఒకటికి నాలుగు చీరలు, చీరకు మజూరి 1,500 రూపాయలు అనుకొందము. చీర మూడు దినములలో దిగును. కనుక "దినమునకు 500 గిట్టుచున్నది" అని చెప్పుకొందుము. ఈ మాట నిజమేనా? నేతకు 12 దినములు. పడుగు అతికి, సరిచేసి, మగ్గమునకు ఎక్కించుటకు 2 దినములు. నూలు కొరకు షావుకారు వాకిట కాచుకొన్నవి 2 దినములు. మొత్తము 16 దినములు. 6,000 రూపాయలను 16 దినములకు పంచగా దినమునకు వచ్చునది 375 మాత్రమే.

పోనీ, ఆ 375 అయినను ఒక్కరి కష్టమా? మగ్గము మీద దినమునకు 9 గంటల చొప్పున 108 గంటలు. పడుగు పనికి ఇద్దరు మనుషులు రెండేసి దినములు, అనగా 36 గంటలు. ఇల్లాలు నేత జరిగిన 12 దినములును దినమునకు 3 గంటలు కండెలు చుట్టినది, అవి 36 గంటలు. అన్నియు కలిపి 180 గంటలు. అనగా గంటకు 33 రూపాయల చిల్లర. కండెలు చుట్టు చేయి లేనిదే నాడె కదలదు. అయినను ఆ కష్టము ఏ చిట్టాలోను కనబడదు.

షోలాపురములో వేయి బీడీలకు ఇంత అని కూలి తీసుకొను మన ఆడపడుచులును ఇట్లే చూచుకొనవచ్చును. ఆకు కత్తిరించు కాలమును, బీడీలు అప్పగించి వచ్చు కాలమును కలిపినప్పుడే అసలు కూలి తెలియును.

ఈ లెక్క దిగులుపడుటకు కాదు, బేరమాడుటకు. వట్టిగా పోయిన రెండు దినములు కాగితము మీద కనబడినప్పుడు, ఉన్న పడుగు దిగకముందే తరువాతి నూలు ఇమ్మని అడుగు నోరు వచ్చును.

రెండవ లెక్క: వడ్డీ

"నూటికి మూడు రూపాయలు" అని వినుటకు చిన్నగా నుండును. అది నెలకు మూడు. ఏటికి 36 శాతము. 20,000 రూపాయల అప్పునకు నెలకు 600, ఏటికి 7,200 వడ్డీ. అంతయు చెల్లించినను అసలు అట్లే యుండును. అదే అప్పు 6 శాతమునకు దొరకినచో ఏటికి 1,200 మాత్రమే. తేడా 6,000 రూపాయలు. పైన చెప్పిన పడుగు మజూరి అంతయు ఎంతయో చూడుడు! ఇంటిల్లిపాది 16 దినములు పడిన కష్టము ఆ తేడాకే సరిపోయినది.

చేనేతవారికి ముద్రా పథకము క్రింద 6 శాతము వడ్డీకి బ్యాంకు అప్పు ఇచ్చు ఏర్పాటు 2015 తరువాత వచ్చినది. ఇప్పటి నిబంధనలేమో బ్యాంకులోగాని, వీవర్స్ సర్వీస్ సెంటరులోగాని అడిగి తెలిసికొనవలెను. అడుగుటలో నామోషీ లేదు.

మూడవ లెక్క: కన్ను

నలుబది యేండ్లు దాటిన పిమ్మట దగ్గరచూపు తగ్గుట అందరికిని సహజము. పోగు కనబడనివాడు అతుకుటకు ఎక్కువ సేపు తీసుకొనును. దినములో నాలుగు వ్రేళ్ల గుడ్డ తగ్గును. అస్సాము తేయాకు తోటలలో 40 యేండ్లు దాటిన పనివారికి దగ్గరచూపు అద్దములిచ్చి చూచిరి. అద్దములు లేనివారి కంటె వారి ఆకుకోత సుమారు 22 శాతము ఎక్కువగా పెరిగినదని 2018లో ప్రకటించిరి. మన పని ఆకుకోత కంటె సన్నని పని. కళ్లజోడు విలాసము కాదు. అచ్చువలె, నాడెవలె అదియు పనిముట్టే.

ఆచరించు విధము

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి చాలును. ప్రతి పుటలో నాలుగు గళ్లు గీయవలెను: తేది, ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేసిరి, వచ్చినది, పోయినది. వ్రాయు పని చదువుకొను పిల్లకు ఒప్పగించుడు. ఫోను ద్వారా చెల్లించిన పైకము కంటికి కనబడకుండ పోవును గనుక దానిని తప్పక వ్రాయవలెను. పడుగు దిగిన దినమున భార్యాభర్తలు, పెద్దలు, పిల్లలు కూర్చుండి లెక్క చూచి, ఒక్క నిర్ణయము మాత్రము చేయవలెను. ఈ పడుగు మజూరిలో 300 అసలు క్రింద కట్టుదుమనుట ఒకటి కావచ్చును. అమ్మకు కళ్లజోడు తెత్తుమనుట మరియొకటి కావచ్చును. పది నిర్ణయములు చేసి మరచుట కంటె ఒక్కటి నెరవేర్చుట మేలు.

మజూరి చాలనిచోట లెక్క ఒక్కటే కడుపు నింపదని మేమెరుగుదుము. మజూరి పెరుగుటకు పదిమంది కలిసి అడుగవలసినదే. కాని కలిసి అడుగునప్పుడు "కష్టముగా నున్నది" అను మాట కంటె "180 గంటలకు 6,000" అను మాట గట్టిగా నిలుచును.

అభ్యాసము

1. మీ ఇంట వెనుకటి పడుగునకు పట్టిన దినములెన్ని? అందులో వట్టిగా పోయినవెన్ని?
2. కండెలు చుట్టిన గంటలు కలిపిన పిమ్మట గంటకు ఎంత పడినది?
3. మీ అప్పునకు ఏటి వడ్డీ ఎన్ని పడుగుల మజూరికి సమానము?

జవాబులు మాకు పంపనక్కరలేదు. ఇంటిలో అందరు వినునట్లు ఒకసారి చదివిన చాలును.